ఏడు వందల ట్యూబుల అక్క

ఆ ఆస్పత్రి రెండో అంతస్తులో ఒక గది తలుపు మీద ‘రోగులకు ప్రవేశం లేదు’ అని రాసి ఉంటుంది. నిజానికి లోపల పనిచేసేవాళ్ళకు కూడా ప్రవేశం అంత సులువు కాదు. చెక్క ఉబ్బిపోయి, భుజంతో తోస్తే గాని ఆ తలుపు కదలదు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ దాన్ని ఎడమ భుజంతో తోసుకుని లోపలికి వెళ్ళే మనిషిని అక్కడ అందరూ ప్లేటమ్మ అంటారు. వంటింటి ప్లేట్లకూ ఆ పేరుకూ సంబంధం లేదు. ఇంట్లో ఆవిడ ఒక్కతే, కంచం కూడా ఒకటే. ఆవిడ ప్లేటు అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలక. దానిమీద వరసకు పన్నెండు చొప్పున ఎనిమిది వరసలు, మొత్తం తొంభై ఆరు గుంటలు. ఒక్కో గుంటలో పట్టేది నాలుగైదు చుక్కలు.

ఇలాంటి ఉద్యోగాలు చేసేవాళ్ళ గురించి రాయాల్సి వస్తే ‘తెర వెనుక దేవతలు’ అని మొదలుపెట్టడం ఒక జబ్బు. ప్లేటమ్మ దేవత కాదు. నోరు మంచిది కాదు, కోపం ముక్కు మీదే ఉంటుంది, తన నోటుబుక్కును ఎవరైనా ముట్టుకుంటే ఆ పూట వాళ్ళ పని అయిపోయినట్టే. చెయ్యి మాత్రం వణకదు. ఒకే సీరాన్ని రెండు గుంటల్లో వేస్తే ఆ రెండింటి అంకెల మధ్య వెంట్రుకవాసి తేడా రాదు.

మంగళవారం మంగళవారం ఆవిడ చేసే పరీక్ష ఊపిరితిత్తులది. ఊపిరితిత్తుల్లో గాలి నిండే చిన్న చిన్న తిత్తులుంటాయి. వాటి లోపలి గోడకు సబ్బు నీళ్ళలాంటి పలచటి పూత ఉంటుంది. ఆ పూతలో ఒక ప్రోటీను. దాని పేరు చాంతాడంత, చివర ‘డి’ అనే అక్షరం, అంచేత ల్యాబులో అందరూ ‘డి’ అనే అంటారు. గోడ దెబ్బతిన్నప్పుడు డి నెత్తుట్లోకి కారుతుంది. వీధిలో నీటి ధార చూసి ఎవరింట్లోనో కుళాయి పాడైందని అనుకున్నట్టు, నెత్తుట్లో డి ఎంతుందో చూసి లోపలి గోడ సంగతి అంచనా వేస్తారు. అంచనాయే సుమా. డి ఎక్కువుందని జబ్బు ఉన్నట్టు రాసివ్వరు, మిగతా పరీక్షలు చేయించండి అంటారు.

పని పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి ఒక పూట. గుంటల అడుగున డిని పట్టుకునే యాంటీబాడీ ముందే అంటించి ఉంటుంది. రక్తం గడ్డకట్టాక పైన తేలే లేత పసుపు నీరే సీరం. దాన్ని గుంటలో వేస్తే అందులోని డి అడుగుకు అతుక్కుంటుంది. మిగతాదంతా కడిగేస్తారు. రంగు తెచ్చే ఇంకో యాంటీబాడీ వేస్తారు, మళ్ళీ కడుగుతారు. చివరికి గుంటలు నీలమవుతాయి, యాసిడ్ చుక్క పడగానే పసుపుకు తిరుగుతాయి. పసుపు ఎంత ముదిరితే డి అంత ఎక్కువ. యంత్రం ఆ రంగు చదివి అంకె చెబుతుంది.

మరి యంత్రం అబద్ధమాడితే? అందుకే ప్రతి ప్లేటులోనూ రెండు గుంటలు తెలిసిన మనిషివి. ఆరోగ్యంగా ఉన్న ఒకరి సీరాన్ని ముందుగా ఇరవైసార్లు కొలిచి, అంకె తేల్చుకుని, చిన్న ట్యూబుల్లో పోసి ఫ్రీజర్లో దాస్తారు. వారానికి ఒకటి కరిగిస్తారు. ఆ మనిషి అంకె ఎప్పటిలాగే వస్తే ప్లేటు మంచిది, రోగుల అంకెలూ నమ్మొచ్చు. రాకపోతే ప్లేటు మొత్తం చెత్తబుట్టలోకే. దీన్ని కంట్రోలు అంటారు. ఆ ల్యాబు కంట్రోలు ప్లేటమ్మ సొంత అక్క.

అక్క ఏడేళ్ళు పెద్దది. తల్లి త్వరగా పోవడంతో చెల్లెలికి జడలేసింది, ముక్కు తుడిచింది, తండ్రి సంతకాన్ని తండ్రికంటే బాగా పెట్టి ప్రోగ్రెస్ రిపోర్టులు బడికి పంపింది. తండ్రిది దిండ్ల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. బాతు ఈకలు మూటల్లో వచ్చేవి. వాటిని దులిపి, పుల్లలు ఏరి, మెత్తటి నూగును గలీబుల్లోకి కూరి మూతి కుట్టేవాళ్ళు. చెల్లెలు చదువులో పడింది, అక్క ఈకల్లో పడింది. దీంట్లో త్యాగం ఏమీ లేదు. అక్కకు పుస్తకాలంటే నిద్రొచ్చేది, బేరమంటే హుషారొచ్చేది.

పద్నాలుగేళ్ళ కిందట ల్యాబుకు కంట్రోలు కావలసి వచ్చినప్పుడు ప్లేటమ్మ మొదట అడిగింది అక్కనే.

“ఎంత తీస్తావే?” అంది అక్క కుర్చీలో కూర్చుని చెయ్యి చాపుతూ.

“మూడు వందల యాభై మిల్లీలీటర్లు.”

“నాకర్థమయ్యేలా చెప్పు.”

“పెద్ద గ్లాసుడు.”

“చిన్నప్పుడు నా గ్లాసులో పాలు తాగేసేదానివి. ఇప్పుడు దీనికి తయారయ్యావన్నమాట.”

రక్తాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి సీరం తీసేవాడు ప్లేటమ్మ పక్క బల్ల ఉద్యోగి. యంత్రంతోపాటు తనూ ఆస్పత్రంతా తిరిగి కబుర్లు మోస్తాడు గనక అతన్ని గిరగిర అంటారు. అతను సీరం వెలుగులో పట్టి చూసి, “మేడమ్, మీ అక్కగారిది బంగారంలా ఉందండీ” అన్నాడు.

“అయితే గొలుసు చేయించి పెట్టవయ్యా” అంది అక్క.

మొత్తం ఏడు వందల పైచిలుకు ట్యూబులయ్యాయి. వరసలు కట్టిన పెట్టెలు చూసి అక్క నోరు నొక్కుకుంది. “నన్నొక్కదాన్నే భరించలేవు. ఇక్కడ ఏడొందలమందిని పెట్టుకుని ఏం చేస్తావే తల్లీ!”

ఇరవై ప్లేట్లు నడిపాక అక్క అంకె తేలింది. అరవై రెండు. నూరు లోపు ఉంటే ఆ ల్యాబు లెక్కలో మంచిదే.

మూడేళ్ళు గడిచాయి. తండ్రికి దగ్గు పట్టుకుంది, వదల్లేదు. అక్కే ఆస్పత్రికి తీసుకొచ్చింది. మంగళవారం ప్లేటులో తండ్రి సీరం కూడా పడింది. ట్యూబు మీద పేరుండదు, నంబరే. కానీ ఆ నంబరు అంటించింది ప్లేటమ్మే. యంత్రం మూడు వందల పది చూపించింది.

ఆ ల్యాబులో రెండు రూళ్ళున్నాయి. హద్దు దాటిన అంకెను ఇంకో ప్లేటులో మళ్ళీ చూడకుండా బయటికి పంపకూడదు. పంపాక కూడా అంకె డాక్టరుకే వెళ్ళాలి, రోగికి డాక్టరే చెప్పాలి. మధ్యలో టెక్నీషియన్ నోరు తెరవకూడదు. మంచి రూళ్ళే. ఒక తప్పుడు అంకె పట్టుకుని వారం రోజులు ఏడ్చిన కుటుంబాలు ఉండబట్టే ఆ రూళ్ళు పుట్టాయి. ప్లేటమ్మ రెండూ పాటించింది. రెండో మంగళవారం మూడు వందల ఐదు వచ్చింది. శుక్రవారం డాక్టరు అక్కను పిలిచి చెప్పాడు. వరండాలో అక్క చెల్లెలి ముందు నిలబడింది.

“నీకెప్పుడు తెలిసింది?”

“మొదటి మంగళవారమే.”

అక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది. “ఆదివారం మా ఇంట్లో అన్నం తిన్నావు.”

“మళ్ళీ చూడకుండా చెప్పకూడదక్కా. రూలు.”

“నాన్న జోకేస్తే నవ్వావు.”

ప్లేటమ్మ కోటు గుండీ పెట్టుకుంది.

“అంత బాగా నవ్వడం ఎక్కడ నేర్చుకున్నావే?” అంది అక్క. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ప్లేటమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ పది రోజులు ముందు తెలిస్తే తండ్రి బతికేవాడా? లేదు. అక్క అడిగింది ఆ లెక్క కాదు. తన బల్ల దగ్గర కూర్చుని, తను వడ్డించిన అన్నం తింటూ, తన చెల్లెలు తనకు పరాయిగా ఎలా ఉండగలిగింది అన్నది ఆమె బాధ. దానికి ఏ ల్యాబు మాన్యువల్లోనూ జవాబు ఉండదు. తండ్రి ఏడు నెలలు ఉన్నాడు. అన్నాళ్ళూ ఇద్దరూ మందుల గురించి మాత్రం మాట్లాడుకున్నారు. ఆయన పోయాక ఆ మాటలు కూడా అయిపోయాయి.

పదకొండేళ్ళు.

ఈ పదకొండేళ్ళలో ప్లేటమ్మ ఒక పొరపాటు చేసింది. సరిగ్గా ఆ పని చేసే మనిషి మాత్రమే చేయగల పొరపాటు. మంగళవారం సాయంత్రం యంత్రం అంకెలు చూపించగానే రోగుల వైపు కాదు, ముందు కంట్రోలు గుంటల వైపు చూసేది. అరవై. అరవై మూడు. అరవై రెండు. “అక్క బాగానే ఉంది” అని లోపల అనుకునేది. ఒక్కోసారి పైకే అనేది.

ఆవిడకు తెలియక కాదు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో కాలం నడవదని, ట్యూబులో ఉన్నది ఆ రోజు మనిషే తప్ప ఈ రోజు మనిషి కాదని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది ఆవిడే. అయినా ఉత్తరాలు రాని ఇంట్లో పాత ఉత్తరమే మళ్ళీ మళ్ళీ చదువుకుంటారు. వారానికొక కబురు వస్తోందన్న ధీమా ఆవిడలో పాతుకుపోయింది. ఈకల నూగు ఊపిరితిత్తులను పాడుచేయవచ్చని ఒక వ్యాసంలో చదివింది. దుకాణానికి ఫోన్ చేయబోయింది. చేతిలో ఆ వారం కాగితం ఉంది. అరవై ఒకటి. ఫోన్ పెట్టేసింది.

ఒకే ఒక్కసారి డెబ్బై తొమ్మిది వచ్చింది. కడిగే యంత్రంలో సూది మూసుకుపోయింది, అంతే. కానీ ఆ సంగతి చూడకుండానే ఆవిడ బస్సెక్కి దిండ్ల దుకాణం ఎదుటి పేవ్‌మెంటు మీదికి వెళ్ళి నిలబడింది. అక్క గుమ్మంలో నిలబడి సరుకు తెచ్చిన వ్యాను డ్రైవర్ని కడిగేస్తోంది. “మూట తడిసిందా లేదా? నీ చెయ్యి పెట్టి చూడు! నా చెయ్యి కాదు, నీది పెట్టు!” ఆ గొంతు వింటూ ప్లేటమ్మ పావుగంట నిలబడింది. రోడ్డు వెడల్పు పాతిక అడుగులు కూడా ఉండదు. దాటలేదు. వెనక్కొచ్చి సూది మార్చింది.

ఏడు వందలైనా ఒకనాటికి అయిపోవలసిందే.

“ఎన్నున్నాయి?” అని అడిగింది ల్యాబు చూసే డాక్టరు. అందరూ పెద్ద మేడమ్ అంటారు.

“ఇరవై మూడండి.”

“కొత్త కంట్రోలును పాతదాని పక్కన పెట్టి ఇరవై ప్లేట్లు నడపాలి. ఇంకా ఎప్పుడు మొదలుపెడతారు?”

“చూస్తానండి.”

మూడు నెలల నుంచి ఆవిడ చెబుతున్న మాట అదే. గిరగిర ఊరుకోలేదు. “గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని పట్టుకొస్తానుండండి. ఏనుగులా ఉన్నాడు.”

“సిగరెట్లు కాలుస్తాడు.”

“మందుల కౌంటర్లో ఆవిడ?”

“ఆవిడకే రక్తం ఎక్కించాలి.”

“పోనీ నేను?”

“నిన్ను తిప్పితే సీరం రాదు, కబుర్లొస్తాయి.”

గిరగిర నవ్వి, తర్వాత మామూలుగా అన్నాడు. “ఇన్ని వంకలెందుకండీ? అడగాలనుంటే మీ అక్కగారినే అడగండి.”

ఆవిడ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మధ్యాహ్నం మెట్ల పక్కకు వెళ్ళి ఫోన్ చేసింది.

“ఎవరు?” వెనకాల కుట్టుమిషను చప్పుడు.

“నేనే.”

మిషను ఆగింది. “ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. రక్తం కావాలి.”

“నీకా? ఏమైంది నీకు?”

ఆ ‘నీకా’ అన్న మాటలో ఉన్న కంగారును ప్లేటమ్మ చెవిలో దాచుకుంది. “నాక్కాదు. ల్యాబుకి. నువ్వు... అయిపోతున్నావు.”

“ఏడొందలూనా?”

“ఏడొందలూ.”

“పీల్చి పిప్పి చేశావన్నమాట.” కేలండరు కాగితాలు తిరగేసిన చప్పుడు. “సోమవారం వస్తా” అంది అక్క. మిషను మళ్ళీ మొదలైంది. ఫోన్ పెట్టేసింది.

సోమవారం అక్క వచ్చింది. జుట్టు నెరిసింది, మనిషి సన్నబడింది, నడుముకు కట్టుకున్న దుకాణం డబ్బుల సంచీ మాత్రం పాతదే. రెండంతస్తులు ఎక్కి వచ్చి, తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడింది. “లిఫ్టు ఎందుకు పెట్టుకున్నట్టు, బాగుచేయించనప్పుడు?” అంది, ఊపిరి తిరిగాక.

కంట్రోలుకు రక్తమిచ్చేవాళ్ళను కొన్ని ప్రశ్నలు అడిగి ఫారం నింపాలి. ముందు చిన్న ట్యూబుడు తీసి పరీక్షించాలి, బాగుంటే వారం తర్వాత బ్యాగు నిండా తీసుకోవాలి.

“దగ్గుందా?”

“నాకా? లేదు.”

“ఆయాసం?”

“మెట్లెక్కితే ఎవరికుండదే?”

“పొగ?”

“మీ బావ కాల్చేదే ఇద్దరికీ సరిపోతుంది.”

తర్వాతి గడి వృత్తి. దుమ్ము, ఈకలు, రాతి పొడి లాంటివాటి మధ్య పనిచేసేవాళ్ళు కంట్రోలుకు పనికిరారని ఫారం అడుగునే ఉంది. ఈకల వ్యాసం చదివాక ఆ వాక్యం చేర్పించింది కూడా ప్లేటమ్మే. పెన్ను కాస్త ఆగింది. ‘ఈకల దిండ్లు’ అని రాస్తే అక్క ఇప్పుడే లేచి వెళ్ళిపోవాలి. వచ్చే సోమవారం ఉండదు. ఆవిడ ‘కుట్టుపని’ అని రాసింది. చూసేవాళ్ళకు అబద్ధం కాదు. రాసినావిడకు అబద్ధమే.

సూది దిగుతున్నప్పుడు అక్క చెల్లెలి తల వంక చూసింది. “జుట్టుకి రంగేస్తున్నావా?”

“లేదు.”

“వెయ్యి. నాకంటే ముసలిదానిలా ఉన్నావు.”

వెళ్తూ వెళ్తూ, “వచ్చే సోమవారం ఎన్నింటికి?” అని అడిగింది. ఆ సాయంత్రం ప్లేటమ్మ ఇంటికి వెళ్ళి కూర సగం చేసి మరిచిపోయింది.

మర్నాడు ప్లేటులో పాత అక్క, కొత్త అక్క పక్కపక్కన రెండేసి గుంటల్లో పడ్డారు. ఇద్దరి మధ్యా పద్నాలుగేళ్ళు. సాయంత్రం నాలుగు దాటాక యాసిడ్ వేసింది. యంత్రంలో పెట్టనక్కర్లేకుండా కంటికే తెలిసింది. రెండు గుంటలు నిమ్మరసం రంగులో ఉన్నాయి. పక్క రెండూ ముదురు పసుపులో ఉన్నాయి.

అరవై ఒకటి. రెండు వందల ముప్పై ఎనిమిది.

ప్లేటమ్మ లేబుళ్ళు చూసింది. నోటుబుక్కు చూసింది. ట్యూబులు తారుమారయ్యాయేమోనని వెతికింది. ఇరవై ఆరేళ్ళలో మొట్టమొదటిసారి తన చెయ్యి తప్పు చేసి ఉంటే బాగుండునని కోరుకుంది. జంట గుంటలు రెండూ ఒకే మాట చెబుతున్నాయి. చెయ్యి తప్పలేదు.

పెద్ద మేడమ్ కాగితం చూసింది. “ఎవరిది ఇది? సరే, ఎవరిదైనా వచ్చే మంగళవారం మళ్ళీ పెట్టండి. అప్పుడు డాక్టరుకు పంపుదాం.”

“అలాగేనండి.”

అంటే మళ్ళీ పది రోజులు. మధ్యలో సోమవారం అక్క రక్తమివ్వడానికి వస్తుంది. ఏదో సాకు చెప్పి పంపాలి. అక్క ఏదో జోకేస్తుంది. నవ్వాలి.

ప్లేటమ్మ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

“ఎక్కడికండీ? అంకెలింకా బుక్కులో ఎక్కించలేదు” అన్నాడు గిరగిర.

“నువ్వు రాయి.”

“నేనా? మీ బుక్కులోనా? ముట్టుకోవచ్చా?” అతను నిజంగానే భయపడ్డాడు. అప్పటికి ఆవిడ తలుపు లాగుతోంది.

దుకాణంలో అక్క ఒక్కతే ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని గలీబులోకి ఈకలు కూరుతోంది. మూల ఫ్యాను తిరుగుతోంది, నూగును బయటికి పంపే బదులు గదంతా తిప్పుతోంది. పాతికేళ్ళు ఈ గదిలో పెరిగిన ప్లేటమ్మకు గాలిలో తేలే ఆ తెల్లటి పొడి మొదటిసారి కనిపించినట్టయింది.

“సోమవారం కదే?” అంది అక్క.

“నీ అంకె రెండు వందల ముప్పై ఎనిమిది.”

అక్క చేతులు ఆగాయి. అంకె అర్థం ఆమెకు చెప్పనక్కర్లేదు. తండ్రి కాగితాలన్నీ మోసింది ఆమే.

“తెలిసి ఎన్నాళ్ళయింది?”

“గంటన్నర. బస్సు లేటు.”

అక్క ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది. “మళ్ళీ చూశావా?”

“లేదు. చూడకూడదు... చూడకుండా చెప్పకూడదు. తప్పు కూడా అయ్యుండొచ్చు.”

“మరి ఎందుకొచ్చావ్?”

“తెలియదు.”

అక్క గలీబు మూతి మడిచి, దారం తీసి, కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు వేశాక తల ఎత్తకుండా అంది. “నాన్నప్పుడు ఈ బస్సు లేదేమిటే?”

ప్లేటమ్మ తల వంచుకుంది. క్షమించమని అడగలేదు. ఆ మాటకు అక్క ఏమంటుందో ఇద్దరికీ తెలుసు. అక్క ఇంకో రెండు కుట్లు వేసింది. దగ్గొచ్చింది. ఒకసారి మొదలైన దగ్గు ఆగలేదు. ఫారంలో లేదని చెప్పిన దగ్గు అది, ఎన్నాళ్ళగానో ఇంట్లో మనిషిలా మసలుతున్న దగ్గు. ప్లేటమ్మ లేచి ఫ్యాను కట్టేసింది. అక్క చేతిలోంచి దిండు లాక్కుని బయట పెట్టింది. తలుపులు రెండూ బార్లా తెరిచింది.

“నా బేరం చెడగొట్టకు” అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

“చెడగొడతాను. నన్ను బయటికి తోసే ఓపిక ఉందేమో చూసుకో.”

లేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

తర్వాతి మంగళవారం రెండు వందల ఇరవై తొమ్మిది వచ్చింది. పెద్ద మేడమ్ ఫారం సంగతి, గడప దాటి వెళ్ళి చెప్పిన సంగతి ప్లేటమ్మ నోటే విని కుర్చీలో వెనక్కి వాలింది.

“ఒక్క ప్లేటు పట్టుకుని ఇంటికెళ్ళి చెప్పేస్తారా? తప్పొచ్చి ఉంటే?”

“మా అక్క తిట్టేదండి. పడేదాన్ని.”

“కుట్టుపని అని రాశారు! ఈ వాక్యం ఫారంలో పెట్టించింది మీరే కదండీ?”

“నేనేనండి.”

మెమో వచ్చింది. రావలసిందే. కొత్త కంట్రోలుగా ఆస్పత్రి వంటశాలలో పనిచేసే ఆయన్ని ఎంచారు. ఆయన అంకె నలభై ఎనిమిది. పాత ట్యూబులు వారానికొకటి చొప్పున ఆయన పక్కనే కరగసాగాయి. ఒకటి దాచుకోకూడదా అని గిరగిర గుసగుసగా అన్నాడు. “దాచుకుని?” అంది ప్లేటమ్మ. అతను మళ్ళీ ఎత్తలేదు.

స్కాన్‌లో జబ్బు కనిపించింది. ఈకల వల్లే కావచ్చని, అవి మానేస్తే కొంత తగ్గవచ్చని, మచ్చలు పడ్డ మేరకు తగ్గదని డాక్టరు చెప్పాడు. ఆ గదిలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి విన్నారు. అక్క ఈకల మూటలు తిప్పి పంపేసింది. దుకాణం మూసినరోజు చెల్లెలు వస్తానంటే వద్దంది.

మందులు మొదలుపెట్టే ముందు నడక పరీక్ష ఒకటుంది. కింది అంతస్తు వరండాలో ముప్పై మీటర్ల దూరంలో రెండు ప్లాస్టిక్ కోన్లు పెడతారు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించి, ఆరు నిమిషాలు ఆ కోన్ల మధ్య అటూ ఇటూ నడవమంటారు. అలసిపోతే ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఎవరూ పట్టుకోకూడదు, పక్కన నడవకూడదు. ఊపిరి ఖర్చవుతుంది గనక రోగి మాట్లాడకూడదు. ప్లేటమ్మ ఈ చివరి కోను పక్కన కుర్చీలో కూర్చుంది. ఫిజియోథెరపిస్టు గడియారం నొక్కాడు. అక్క నడిచింది.

మొదటిసారి తిరిగొచ్చి కోను చుట్టూ మలుపు తీసుకుంటూ అక్క అంది. “పెద్దదానికి... కూతురు.”

“మాట్లాడకూడదండీ!” అన్నాడతను.

అక్క వెళ్ళిపోయింది. ప్లేటమ్మ కుర్చీ అంచుకు జరిగింది. పెద్దమ్మాయి పెళ్ళయిందనే తెలియదు తనకు. ఆ అమ్మాయిని చివరిసారి చూసినప్పుడు లెక్కల్లో తప్పి ఏడుస్తోంది.

రెండోసారి వచ్చింది. “రెండేళ్ళు... నిండాయి.”

“అమ్మా, చెప్పాను కదా!”

మూడోసారి. “నీ ముక్కే... చప్పిడి.”

ప్లేటమ్మకు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క అప్పటికే వెనక్కి తిరిగింది, ఆ నవ్వు చూడలేదు. ఆ వీపు దూరమవుతుంటే ప్లేటమ్మ ప్రశ్నలు పోగేసుకుంది. ఎక్కడుంటున్నారు? పిల్లకు మాటలొచ్చాయా? రెండోవాడేం చేస్తున్నాడు? పదకొండేళ్ళ కబుర్లకు ఒక్కో మలుపు దగ్గర రెండేసి మాటలు చొప్పున ఎన్ని మలుపులు కావాలి? ఇంకా రెండు నిమిషాల చిల్లర ఉంది.

నాలుగోసారి అక్క బాగా నెమ్మదించి వచ్చింది. మలుపు దగ్గర చెల్లెలి ముఖంలోకి చూసింది. “ఆసుపత్రిలో... అది పుట్టిన రోజు... నీకు ఫోన్...” ఊపిరి చాలలేదు. మాట అక్కడే వదిలేసి నడక సాగించింది.

చేశావా? చేద్దామనుకున్నావా? చేసి పెట్టేశావా? ప్లేటమ్మ లేచి నిలబడింది. అక్క అటు కోను దాకా వెళ్ళింది, తిరిగింది, వరండా సగానికి వచ్చి గోడకు చెయ్యి ఆనించి ఆగిపోయింది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళి క్లిప్పులో అంకె చూశాడు, “కంగారు లేదు, నిదానంగా” అన్నాడు. ప్లేటమ్మ ఒక అడుగు వేయబోతే అరచెయ్యి చూపించి ఆపాడు.

అక్క తల వంచుకుని గాలి పీలుస్తోంది. భుజాలు లేచి పడుతున్నాయి. గడియారం నడుస్తూనే ఉంది. కాసేపటికి తల ఎత్తకుండానే ఒక వేలు పైకి లేపింది, ఉండు, వస్తున్నా అన్నట్టు.

పదిహేను మీటర్ల ఇవతల, కోను పక్కన, ప్లేటమ్మ నిలబడే ఉంది.